ఆరిన కాలు, పచ్చి చెక్క

ఇలాంటి జ్ఞాపకాలు రిటైరైన పెద్దలు రాయడం ఆనవాయితీ. నాకు ఇంకా ముప్పై మూడు నిండలేదు. అయితే ఒక పని నుంచి మాత్రం పూర్తిగా విరమించుకున్నాను కాబట్టి, ఆ ఒక్క పని గురించి రాసే అర్హత ఉందనుకుంటున్నాను. సర్టిఫికెట్లు చేతపట్టుకుని, రేపో మాపో ఏదో ఒక షెడ్డులో తమకంటే తక్కువ చదివి ఎక్కువ తెలిసిన మనిషి పక్కన నిలబడబోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ చదివితే చాలు.

నేను చదివింది మెకానికల్. ఇబ్రహీంపట్నం దాటి మైలవరం వెళ్లే దారిలో ఒక షెడ్డులో మూడేళ్లు ప్రొడక్షన్ ఇంజినీరుగా పనిచేశాను. అక్కడ మేం చేసేది మొద్దు ఫర్నిచర్. దుంగను నిలువునా చీల్చి, అంచు వంకర అలాగే ఉంచి, కింద చెట్టు కొమ్మలనే కాళ్లుగా దిగ్గొట్టిన కుర్చీలు, బల్లలు. ముడులు కనిపిస్తాయి. పగుళ్లు కనిపిస్తాయి. ఒక్కోచోట బెరడు కూడా ఉంటుంది. మా ఓనరు గారు అంతకుముందు కలప అడితి నడిపారు. తలుపులకీ కిటికీలకీ పనికిరావని పక్కన పడేసిన దుంగల చుట్టూ జనం మూగడం ఆయన ముందుగా గమనించారు.

"మంచి టేకు పలక చూపిస్తే రేటు అడుగుతున్నారయ్యా. ఈ దిక్కుమాలిన నిద్రగన్నేరు మొద్దు చూపిస్తే ఫొటోలు తీసుకుంటున్నారు" అనేవారు నాతో. అలా మొదలైంది ఆ షెడ్డు.

అందులో ఏముందని జనం ఎగబడుతున్నారో నాకు మొదటి ఆరు నెలలు అర్థం కాలేదు. కారణాలు డైరీలో రాసుకునేవాణ్ని. ఏ ఫ్లాట్‌కి వెళ్లినా ఒకే రకం లామినేట్ కనిపించడం. ఇక్కడ ఏ రెండు ముక్కలూ ఒకేలా ఉండకపోవడం. అరచేత్తో నిమిరితే తగిలే గరుకు. ఈ మూడూ నిజమే, కానీ అసలు కారణం ఆ జాబితాలో లేడు. షెడ్డు మూల తుమ్మ కొమ్మల మధ్య కూర్చుని పని చేసుకుంటూ ఉండేవాడు.

అతను మా మేస్త్రి. నా ఈడువాడే. మైలవరం దగ్గర పల్లె. తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాడు. ఎడ్లబండ్ల చక్రాలు చేసిన చివరి తరం వడ్రంగుల్లో అతని తండ్రి ఒకరు. ఆదివారం ప్రార్థనకి వెళ్లాలి, ఆ రోజు పిలవకూడదు అని చేరేటప్పుడే షరతు పెట్టిన మనిషి. ఓనరు గారి ముందు షరతు పెట్టడం నాకు చేతకాలేదు. అసూయ అక్కడే మొదలైందేమో.

అతని పని చూడాలంటే ముందు అతను దుంగల్ని ఏరడం చూడాలి. లారీ రాగానే బెరడు కింద గోరు పెట్టి గీకేవాడు. "ఇది చలికాలంలో కొట్టిన చెట్టండి, బెరడు వదలదు. అదిగో అది వానల్లో కొట్టారు. ఆరు నెలలకి అరటి తొక్కలా ఊడొస్తది" అనేవాడు. కాళ్లకి తుమ్మ కొమ్మలు కావాలనేవాడు, అదీ కాలవగట్టు మీద పెరిగినవి. అక్కడి చెట్టు నీళ్ల వైపు వాలుతుందట. వాలిన కొమ్మలో వంపు ఉంటుంది. నాలుగు వంపులూ బయటికి తిరిగేలా అమరిస్తే కుర్చీ నేలను పట్టుకుని నిలబడుతుంది. ఆ కోణాలు నేను తర్వాత కొలిచాను. నాలుగూ నాలుగు రకాలు. కుర్చీ మాత్రం వెంట్రుకవాసి ఊగలేదు.

నేనూ ఒక కుర్చీ డిజైన్ చేశాను. కంప్యూటర్లో గీసి, కాళ్ల వాలు లెక్కగట్టి, రంధ్రాలన్నీ ఒకే కోణంలో పడేలా ఇనప చట్రం చేయించి, అవే దుంగలతో తయారు చేయించాను. షెడ్డు ముందు రెండు కుర్చీలూ పక్కపక్కన పెట్టారు. వచ్చినవాళ్లు నాది చూసి "బాగుందండీ" అనేవారు. అతనిది చూసి ఏమీ అనేవారు కాదు, కూర్చునేవారు.

ఒకరోజు గుణదల నుంచి ఒక టీచరమ్మ వచ్చి, అతని కుర్చీలో కూర్చుని, అంచు నిమురుతూ అడిగింది. "ఇవి రెండూ ఒకళ్లే చేశారా?"

మా దగ్గర ఇసక కాగితం పట్టి నూనె రాసే పని ఒకావిడ చూసేది. యాభై దాటిన మనిషి. అందరం అక్క అనేవాళ్లం. నోరున్న మనిషి.

"లేదమ్మా" అంది అక్క. "మీరు కూర్చుంది మేస్త్రిది. మీరు కూర్చోనిది ఇంజినీరు గారిది."

టీచరమ్మ నవ్వింది. ఓనరు గారు నవ్వారు. మేస్త్రి మాత్రం నవ్వలేదు. అది ఇంకా మండింది.

నాకు కళ్లల్లో నిప్పులు పోసుకునే గుణం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. క్లాసులో నాకంటే ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లను చూసి ఎప్పుడూ ఏడవలేదు. వాళ్లు ఎలా చదివారో నాకు తెలుసు, నేనూ అలా చదవగలను. ఇతని దగ్గర ఆ దారి కనిపించలేదు. ఇంకొకటి కూడా ఉంది. అతను కుర్చీలో మనం కూర్చునే ప్రతి పీట కిందా, కనిపించని చోట, ఉలితో పక్కపక్కన మూడు గాట్లు పెట్టేవాడు. తండ్రి చక్రాల మీద పెట్టే గుర్తట. నేను చేసిన పనికి అలాంటి గుర్తు ఏదీ లేదు.

ఇక్కడ కాస్త సాంకేతికం చెప్పక తప్పదు. చెక్క ఆరితే కుంచించుకుపోతుంది. పీటకి తొలిచిన రంధ్రంలో కాలి కొసను దిగ్గొడతాం కదా, ఆ కాలు పచ్చిదైతే ఆరుతూ ఆరుతూ సన్నబడి వదులైపోతుంది. అదే కాలు బాగా ఆరి, పీట ఇంకొంచెం పచ్చిగా ఉంటే, పీట ఆరుతూ కాలిని బిగబట్టేస్తుంది. మేకు అక్కర్లేదు. మేస్త్రి ఇందుకోసం ఒక పద్ధతి పెట్టుకున్నాడు. సగానికి కోసిన డ్రమ్ములో కృష్ణా నది ఇసక పోసి, ఊక పొయ్యి మీద పెట్టి, కాళ్ల కొసలు ఆ వేడి ఇసకలో పాతేవాడు. తర్వాత ఒక్కొక్కటీ తీసి, వేడి దిగనిచ్చి చెంపకి ఆనించుకునేవాడు. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టు, మళ్లీ ఇసకలోకి. చల్లదనం పోతే పీటలోకి.

నేను దాని మీద ఓనరు గారికి ఒక పేజీ నోట్ ఇచ్చాను. పొగ వస్తోంది. కలప షెడ్డులో నిప్పు ప్రమాదం. ఏ కాలు ఎంత ఆరిందో రికార్డు లేదు. మూడూ నిజాలే. నిజాలు రాసేటప్పుడు చెయ్యి వణకదు, అందుకే ఎందుకు రాస్తున్నానో నన్ను నేను అడుక్కోలేదు. నా నోట్ ప్రకారం పొయ్యి తీసేశారు. వెనక ఖాళీ స్థలంలో పాలికార్బనేట్ షీట్లతో ఎండ గది కట్టించాను, ఫ్యాన్లు పెట్టించాను. రెండు సూదులు గుచ్చితే తేమ శాతం చెప్పే మీటరు కొనిపించాను. పన్నెండు చూపించిన కాలికి పచ్చ కార్డు కట్టి, అంకె వేసి, రిజిస్టర్లో ఎక్కించి, నేను సంతకం పెడతాను. కార్డు లేని కాలు పీటకి ఎక్కకూడదు. కార్డు ఉన్న కాలి మీద ఇంక ప్రశ్న లేదు. లోడు వెళ్లేటప్పుడు కార్డులు తీసేస్తాం.

పొయ్యి తీసేసిన రోజు మేస్త్రి గొడవ పెడతాడనుకున్నాను. డ్రమ్ములో ఇసక గోనెసంచిలోకి ఎత్తి కట్టి, మూల పెట్టి, "సరేనండి" అన్నాడు. అక్క మాత్రం ఊరుకోలేదు. "ఇంజినీరు బాబూ, ఆ మీటరు నా మోకాళ్లకి గుచ్చి చూడవయ్యా, నెప్పులెంత శాతం ఉన్నాయో" అంది.

ఆ వేసవిలో గుణదల వైపు కొత్తగా తెరుస్తున్న ఒక హోటలు నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. ఏసీ డైనింగ్ హాలుకి ఇరవై నాలుగు కుర్చీలు, ఆరు బల్లలు. ఎండ గది నిండిపోయింది. నేను రోజూ సూదులు గుచ్చుతున్నాను, కార్డులు కడుతున్నాను. ఒక మధ్యాహ్నం మేస్త్రి కార్డు కట్టిన కాలు ఒకటి పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"సార్, ఇది చల్లగానే ఉందండి ఇంకా."

"కార్డు ఉందా?"

"ఉందండి."

"ఎంతుంది?"

"పన్నెండండి."

"మరింకేంటి?"

అతను కాలు ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఏం లేదండి" అని వెళ్లిపోయాడు. రెండు నిమిషాల్లో కొయ్య సుత్తి చప్పుడు మొదలైంది.

అతను తప్పని రుజువు చేద్దామనే నేను మిగిలిన కాళ్లలోంచి ఒకటి తీసి నడిమికి కోశాను. భోజనాల వేళ, ఎవరూ లేరు. కోసిన ముఖం మీద సూదులు గుచ్చాను. ఇరవై మూడు. ఇంకోటి కోశాను. ఇరవై నాలుగు. తుమ్మ గట్టి కలప. ఎండకి పైన మాత్రం ఆరి లోపల పచ్చిగా ఉండిపోయింది. నా సూదులు పై పొరలో మాత్రమే దిగుతున్నాయి. రెండు వారాలుగా నేను కొలుస్తున్నది తోలుని.

ఇది తప్పే, కానీ దిద్దుకోదగ్గ తప్పు. లోడు వెళ్లడానికి ఇంకా నాలుగు రోజులు ఉంది. చేయాల్సినవన్నీ తెలుసు. ఓనరుకి చెప్పాలి. హోటలుకి ఫోన్ చేసి పదిహేను రోజులు గడువు అడగాలి. దిగ్గొట్టిన కాళ్లు ఊడదీయాలి. మూలనున్న గోనెసంచి విప్పి ఇసక మళ్లీ డ్రమ్ములో పోయాలి. మొదటి మూడూ చేయగలిగేవాణ్ని. ఆ నాలుగోది చేయలేకపోయాను. ఆ ఇసక మళ్లీ పొయ్యెక్కడం, అతను కాలు చెంపకి ఆనించుకోవడం, ఓనరు గారు నా వైపు చూసి నవ్వడం, ఇవన్నీ అప్పుడే జరుగుతున్నట్టు కనిపించాయి. కోసిన ముక్కల్ని రంపప్పొట్టు గుట్టలో తోసేసి చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాను. లోడు అనుకున్న రోజుకే వెళ్లింది.

రెండు నెలలకి హోటలు మేనేజర్ ఫోన్ చేశాడు. "మీ కుర్చీలు డాన్సాడుతున్నాయండి. ఒకసారి వచ్చి చూస్తే బాగుంటది."

ఓనరు గారు, మేస్త్రి, నేను కారులో వెళ్లాం. హాలు బాగుంది. మా బల్లలు ఆ దీపాల కింద నేను చూసిన అన్నిటికంటే అందంగా ఉన్నాయి. మేనేజర్ ఒక కుర్చీ తిరగేసి, కాలు పట్టుకుని లాగాడు. ముల్లంగి దుంప పీకినంత తేలిగ్గా ఊడి చేతికొచ్చింది.

"నిన్న ఒక పెద్దాయన కూర్చోగానే పక్కకి ఒరిగారండి. ఆయన దేవుడి దయవల్ల మా వెయిటర్ మీద పడ్డారు. వెయిటర్‌కే నడుం పట్టేసింది" అన్నాడు మేనేజర్. తర్వాత పీట కింద వేలు పెట్టి చూపించాడు. "ఈ మూడు గాట్లు ఎవరివండీ? ప్రతి కుర్చీకీ ఉన్నాయి."

"నావండి" అన్నాడు మేస్త్రి.

ఓనరు గారి ముఖం ఎర్రబడింది. హోటలు వాళ్లంతా చూస్తున్నారు. "గుర్తు పెట్టుకోవడం ఒచ్చు, కాలు బిగించడం రాదా? మాట్లాడవేం?"

"కాళ్లు ఆరలేదండి."

"ఆరలేదని తెలిసి ఎందుకు దిగ్గొట్టావ్?"

"కార్డు కట్టుందండి."

ఓనరు గారు నా వైపు తిరిగారు. "ఏమయ్యా?"

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే వేరే మాట వచ్చేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు, కానీ నమ్మకం లేదు. "అన్నీ పన్నెండు శాతమేనండి. రిజిస్టర్లో ఉంది" అన్నాను.

రిజిస్టర్లో ఉంది. ఎవరైనా చూసుకోవచ్చు. నా సంతకం ఉన్న కార్డులు రెండు నెలల క్రితమే చెత్తలో కలిసిపోయాయి. అతని మూడు గాట్లు ఇరవై నాలుగు పీటల కిందా ఉన్నాయి. దేని మీద నేను ఏడ్చానో అదే అతని మెడకి చుట్టుకుంది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ఎక్కడో చల్లగా అనిపించింది.

"రేపొచ్చి నీ సామాను తీసుకుపో" అన్నారు ఓనరు గారు. తిరుగు ప్రయాణంలో మేస్త్రి మా కారెక్కలేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. బాడిసలు, ఉలులు ఒక్కొక్కటీ నూనె గుడ్డతో తుడిచి సంచిలో సర్దుకున్నాడు. అక్క పక్కన కూర్చుని గుడ్డకి నూనె అద్ది ఇచ్చింది. సర్దుకోవడం అయ్యాక అతను ఆ లోడులో మిగిలిన కాలు ఒకటి తీసుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"సార్, ఒక్క పని చేసిపెడతారా?"

"చెప్పండి."

"దీన్ని నడిమికి కోసి మీ మీటరు పెట్టండి. అప్పుడు పచ్చిదైతే ఇప్పటికీ లోపల కొంతైనా ఉండే ఉంటది."

"ఎందుకిప్పుడు?"

"పనికోసం కాదండి. అది పోయింది. నేను ఇంకోచోట చేరాలి గదా. ఆ రోజు నా చెంపకి చల్లగా తగిలింది. మీ మీటరేమో కాదంది. నా చెంపే తప్పు చెప్పిందనుకోండి, ఇంక రేపట్నుంచి నేను దేన్ని నమ్ముకుని పనిచేయాలి? మా నాన్న నేర్పింది అదొక్కటేనండి నాకు. తప్పయితే తప్పని తెలియాలి."

అతను కాలు నా టేబుల్ మీద పెట్టాడు. అతని ముఖంలో కోపం లేదు. నన్ను అనుమానించడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడు. ఆ రాత్రంతా తన చేతిని తనే అనుమానించుకుంటూ గడిపాడని కళ్లు చెబుతున్నాయి. అతని దగ్గర నేను కోరుకున్నది, నాకు రానిది, ఏదైతే ఉందో అది నా ముందే కరిగిపోతోంది. అది నాకు రాకపోయినా ఫరవాలేదు, అతనికి లేకుండా పోతే చూడలేనని అప్పుడే తెలిసింది. ఇది మంచితనం అనుకోకండి. అది కూడా లేకపోతే ఇంక నేను ఎవరిని చూసి కుళ్లుకోవాలి?

"కోయక్కర్లేదు" అన్నాను. "నేను కోశాను. ఇరవై మూడుంది."

"ఎప్పుడు?"

"లోడుకి నాలుగు రోజుల ముందు. మీరొచ్చి చెప్పిన రోజే."

అక్క లేచి నిలబడింది. "ఎంత పని చేశావయ్యా నాయనా" అంది. ఈసారి బాబూ అనలేదు.

మేస్త్రి కాలు చేతిలోకి తీసుకున్నాడు. ముందు ఊపిరి వదిలాడు, గుండె మీద నుంచి బరువు దించినట్టు. తర్వాత నా వైపు చూశాడు. అప్పుడు కనిపించింది కోపం.

"రాయండి" అన్నాడు. "మీకు రాయడం బాగా వచ్చు గదా. కాగితం మీద రాసివ్వండి."

రాశాను. అంకెలు వేసుకుంటూ రాశాను, నాకు అలాగే వచ్చు. పొయ్యి తీయించింది నేనని. మీటరు సూదులు లోపలికి దిగవని. మేస్త్రి ముందే హెచ్చరించాడని. కాళ్లు కోసి చూశానని. తెలిసి లోడు పంపానని. హోటల్లో అబద్ధం చెప్పానని. ఆరు అంశాలు, కింద సంతకం పెట్టడానికి చోటు వదిలాను. అతను కాగితం తీసుకుని, వేలు పెట్టి, నిదానంగా చదివాడు. చదువుతుంటే పెదవులు కదిలాయి.

"ఒకటి తక్కువుందండి."

"ఏంటి?"

"ఎందుకు చేశారో రాయలేదు."

ఏడు అని అంకె వేశాను. పక్కన "మేస్త్రి పని చూసి ఓర్వలేక" అని రాశాను. ఇంజినీరుగా నేను రాసిన వాటిలో కొలత అక్కర్లేని వాక్యం అదొక్కటే.

అతను చదివాడు. రెండోసారి చదివాడు. కాగితాన్ని ఆరో అంశం కింద మడిచి, గోటితో గీరి, ఆ ఏడో వరసను చీల్చి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన కాగితం అంచున నాతో సంతకం పెట్టించుకుని ఓనరు గారి గదిలోకి వెళ్లాడు.

తర్వాత జరిగినవి త్వరగా చెప్పేస్తాను. ఓనరు గారి తిట్లు రోడ్డు దాకా వినిపించాయి. నన్ను ఆ రోజే పంపేయాల్సింది, కానీ ఇరవై నాలుగు కుర్చీలకు కాళ్లు మార్చేదాకా ఉండమన్నారు, అదే శిక్ష అన్నారు. మేస్త్రి సంచి విప్పాడు. ఊక పొయ్యి షెడ్డు బయట, రేకుల గొడుగు కింద మళ్లీ వెలిగింది. నిప్పు ప్రమాదం గురించి నేను రాసింది నిజమేనని అతనే ఓనరుకి చెప్పి బయట పెట్టించాడు. కాళ్లు మార్చిన ఆరు వారాలూ మేం పక్కపక్కనే పనిచేశాం. అతను నన్ను సార్ అనడం మానేశాడు. పేరుతోనూ పిలవలేదు. "ఇది పట్టుకోండి", "అది తిప్పండి", అంతే. ఆ చీటీముక్క ఎందుకు దాచుకున్నాడో చెప్పలేదు, నేను అడగలేదు. నా పరువు కాపాడాడని అనుకునే రోజులున్నాయి. అది అతనికి దొరికిన మెడల్ అనుకునే రోజులూ ఉన్నాయి.

ఆ తర్వాత నేను కొలతలు చెడని పనిలో చేరాను. పైపులు, వాల్వులు. అవి ఆరవు, కుంచించుకుపోవు.

ఆ షెడ్డు ఇప్పుడు బాగా పెద్దదైంది. విజయవాడలో ఏ కొత్త హోటలుకి వెళ్లినా ఆ కుర్చీలు కనిపిస్తున్నాయి. భోజనానికి వెళ్లినప్పుడు చెప్పులు సర్దుకున్నట్టు వంగి, ఎవరూ చూడకుండా పీట కింద వేళ్లు పోనిస్తాను. మూడు గాట్లు తగులుతాయి. ఆ వెంటనే కాలు పట్టుకుని గట్టిగా ఊపి చూస్తాను. ఇంతవరకూ ఒక్కటీ కదల్లేదు. ప్రతిసారీ కొంచెం నిరుత్సాహంగానే ఉంటుంది.